తనిఖీ రోజు పలావు

మా వైపు ఆకస్మిక తనిఖీ జరగబోతోందంటే, ఆ సంగతి ముందురోజు సాయంత్రానికే నాకు తెలిసిపోయేది. నేను ఆఫీసరును కాను, ఆఫీసర్ల ఇంట్లో వంటమనిషిని కూడా కాను. జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లే హైవే పక్కన, సర్వీసు రోడ్డు మీద నేనూ మా ఆయనా ఒక మెస్సు నడుపుతున్నాం. లారీ డ్రైవర్లూ, సిమెంటు ఫ్యాక్టరీలకు వచ్చిపోయేవాళ్లూ, వెనక కొండ దగ్గరున్న క్రషర్ వాళ్లూ మా గిరాకీలు. క్రషర్ మేనేజరు ఉన్నట్టుండి ఓ సాయంత్రం ఫోన్ చేసి, రేపు చికెన్ పలావు వండి తోటకు పంపమనేవాడు. తోటకు అన్నాడంటే మర్నాడు తనిఖీ అన్నమాట. ఆ కబురు అంత ముందుగా వాళ్లకు ఎవరు చేరవేసేవారో నాకు ఈనాటికీ తెలియదు.

క్రషర్ అంటే కొండను పేల్చి తెచ్చిన బండలను నలగ్గొట్టి కంకర చేసే మిల్లు. అందులో గుర్తింపు కార్డులున్న పనివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతా వాళ్లంతా కాంట్రాక్టరు తెచ్చిన వాళ్లు. వాళ్లకు కార్డు లేదు, ఆస్పత్రి లేదు, ముక్కుకు కట్టుకోవడానికి తువ్వాలు తప్ప ఇంకేమీ లేదు. తనిఖీ రోజు పొద్దున్నే వీళ్లందరినీ ట్రాక్టరెక్కించి, లోపలెక్కడో ఉన్న ఓనరు గారి మామిడితోటలో దింపేసేవారు. ట్యాంకరు వచ్చి దారంతా నీళ్లు చల్లేది. బీరువాలోంచి హెల్మెట్లు బయటికి వచ్చేవి. ఆఫీసర్లు వచ్చేసరికి ఆ మిల్లు పెళ్లివారింటి వాకిలిలా కడిగి ఉండేది.

చట్టాలు లేక కాదు. ఫ్యాక్టరీలో ఎంతమంది పనిచేయాలో, వాళ్లకు ఏమివ్వాలో, దుమ్ము ఎంత లేవాలో అన్నీ రాసే ఉన్నాయట. ఏ మిల్లును ఎప్పుడు చూడాలో ఇప్పుడు మనుషులు కాదు కంప్యూటరే తేలుస్తుందని, లాలూచీకి తావే లేదని మా మెస్సులో భోజనానికి వచ్చిన ఒక పెద్దమనిషి చెప్పాడు. ఆ పూట నేను మర్నాటి పలావుకు ఉల్లిపాయలు తరుగుతున్నాను. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆయన తింటున్నాడు కదా, పొలమారుతుందని ఊరుకున్నాను.

మా తమ్ముడు ఆ క్రషర్‌లో కాంట్రాక్టు మనిషి. జల్లెడ దగ్గర పని, అంటే దుమ్ము అన్నిటికంటే ఎక్కువగా లేచే చోటు. పెళ్లి కాకముందే అందులో చేరాడు. వాడికి ఎక్కడ నలుగురు కూడితే అక్కడ నవ్వించడం పుట్టుకతో వచ్చింది. తోటలో వాళ్లందరికీ పెద్ద దిక్కు వాడే. ట్రాక్టరు మీద ఎవరెక్కారో ఎవరు మిగిలిపోయారో చూసుకునేవాడు, పిల్లతల్లులను ముందు కూర్చోబెట్టేవాడు. పలావు గిన్నెలతో నేను ఆటోలో వెళ్లేసరికి చెట్టు కింద నులకమంచం మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, ఎవరి కళ్లజోడో పెట్టుకుని, తనిఖీ ఆఫీసరు వేషం కట్టేవాడు.

అదొక ఆట. కొత్తగా పనిలో చేరిన వాళ్లను ఒక్కొక్కరినే మంచం ముందుకు పిలిచేవాడు. ఏ ఊరమ్మా, ఇక్కడేం పని అని గొంతు మార్చి అడిగేవాడు. తోట పనికొచ్చామండి అనాలి. క్రషర్ ఎక్కడుందో తెలుసా అంటే తెలీదండి అనాలి. పక్కనున్న వాడిని చూపించి ఇతనెవరో ఎరుగుదువా అంటే, ఇక్కడే చూడ్డమండి అనాలి. తడబడితే వాళ్ల ప్లేట్లో లెగ్ పీసు పడేది కాదు. అందరూ విరగబడి నవ్వేవారు. కార్తీకమాసంలో వనభోజనాలకు వెళ్లినట్టే ఉండేది. ఆ జనానికి ఆదివారం కూడా సెలవు లేదు మరి. ఏడాదిలో వాళ్లు నీడపట్టున కూర్చుని తిన్న పూటలు అవే.

కోదాడ వైపునుంచి వచ్చిన ఒకామె మొదటిరోజు ఆ ఆటలో ఓడిపోయింది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ అప్పుడే పనిలో చేరారు. ఏం పని అని మా తమ్ముడు అడగ్గానే, "కంకర మోస్తున్న సారూ" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. అందరూ ఒక్కసారిగా గోల చేశారు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. మా తమ్ముడు మంచం దిగి వచ్చి తన ప్లేట్లో లెగ్ పీసు తీసి ఆమె ప్లేట్లో వేశాడు. అప్పుడు వాడు చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది.

"చూడమ్మా, వాళ్లు మనల్ని చూశారంటే మిల్లుకి తాళమేత్తారు. ఓనరుకేం, ఇంకోటి పెట్టుకుంటాడు. మన పనే పోద్ది."

వాళ్లందరి నమ్మకం అదే. సర్కారు తమను వెతుక్కుంటూ వస్తోందని వాళ్లకు తెలుసు. కానీ అది తమ కోసం వస్తోందని ఎవరూ అనుకోలేదు. పోలీసులనో పులినో తప్పించుకున్నట్టు తప్పించుకున్నామని సంబరపడేవారు. నేనూ పలావు ఎలా ఉందని అడిగి, బాగుందంటే పొంగిపోయి వచ్చేసేదాన్ని.

తర్వాత తమ్ముడికి దగ్గు పట్టుకుంది. దుమ్ములో పనిచేసేవాడికి దగ్గు రాకుండా ఉంటుందా అని ఎవరూ పట్టించుకోలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ టీబీ అన్నాడు, ఆ బిళ్లలు మింగాడు. చిక్కిపోయాడు. మెస్సు మెట్లు రెండెక్కి గోడ పట్టుకుని నిలబడేవాడు. విజయవాడ తీసుకెళ్తే అక్కడి డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి, ముందు ఏం పని చేస్తాడని అడిగాడు. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుందని, ఇక అది బయటికి పోదని చెప్పాడు. పనివల్ల వచ్చిన జబ్బు కాబట్టి వైద్యం ఖర్చూ, ఇంటికి జరుగుబాటూ మిల్లు వాళ్లే చూడాలని, చట్టం ఉందని, కార్డు తెమ్మని అన్నాడు. మాకు ఎవరూ కార్డివ్వలేదన్నాను. అయితే అక్కడ పనిచేశాడని రుజువు చేసుకోవాలి అన్నాడు.

రుజువు ఏముంది, ఊరంతా ఎరుగుదురు అనుకున్నాను. క్రషర్‌కు వెళ్లాను. పలావు కోసం నాతో గంటలు గంటలు మాట్లాడిన మేనేజరే, మీ తమ్ముడు ఇక్కడ పనిచేసినట్టు మా దగ్గర ఆధారమేమీ లేదమ్మా అన్నాడు. కావాలంటే కాంట్రాక్టరును అడగమన్నాడు. కాంట్రాక్టరు ఫోనెత్తలేదు. నా నోరు మంచిది కాదని మా ఆయన ఎప్పుడూ అంటాడు. ఆ రోజు ఆ మేనేజరుకు అది తెలిసొచ్చింది. కానీ తిట్టి వచ్చినంత మాత్రాన రుజువు పుట్టదు.

నందిగామ వెళ్లి లేబరాఫీసులో అర్జీ ఇచ్చాను. అక్కడ చూసే ఆవిడ ఆ సీటుకు కొత్తగా వచ్చినట్టుంది. కూర్చోమంది, చెప్పిందంతా విన్నది. మనిషి మంచిదే. క్రషర్ ఆఫీసుకు వెళ్లి రిజిస్టర్లు చూసింది కూడా. తర్వాత నన్ను పిలిపించి, ఇదివరకు చేసిన తనిఖీలన్నిటిలోనూ ఆ మిల్లులో కార్డులున్న వాళ్లే కనిపించారని, మీ తమ్ముడి పేరు ఎక్కడా లేదని చెప్పింది. ఎలా ఉంటుంది? తనిఖీ జరిగిన ప్రతిసారీ మా తమ్ముడు తోటలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. తన పేరు అందులోకి ఎక్కకుండా ప్రతిసారీ తానే ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు.

"రక్తసంబంధం ఉన్నవాళ్ల మాటా, చుట్టాల మాటా చెల్లదమ్మా. ఆయనతోపాటు పనిచేసిన వాళ్లో, అక్కడ ఆయన పని ఎరిగిన వాళ్లో ఒక్కరంటే ఒక్కరు వచ్చి చెప్పినా నేను ముందుకు తీసుకెళ్తాను" అంది ఆవిడ.

ఆ ఒక్కరి కోసం తిరిగాను. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ప్రతి ఇంట్లోనూ తమ్ముడి గురించి అడిగి అయ్యో అన్నారు. అసలు సంగతికి వచ్చేసరికి ఒకరికి కూతురి కాన్పు, ఇంకొకరికి ఇంటికప్పు పని. కోదాడ ఆమె అయితే నన్ను దూరంనుంచి చూసి చీపురు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. వాళ్ల భయం నాకు అర్థం కాక కాదు. అర్థమైనా ఒళ్లు మండింది. ఎదురుగా నిలబడి వాడి ముఖం చూస్తే మాత్రం కాదనలేరు అని నాకు గట్టి నమ్మకం ఉండేది. వాళ్లను వాడు చూసుకున్న తీరు నేను కళ్లారా చూశాను కదా.

ఈలోగా ఒక సాయంత్రం మేనేజరు ఫోన్ వచ్చింది. అతనికి సిగ్గు లేదనుకోండి, మా మెస్సు తప్ప ఆ దగ్గర్లో అంతమందికి వండేవాళ్లు లేరు. రేపు పలావమ్మా, తోటకి అన్నాడు. సరే అన్నాను. ఫోన్ పెట్టేసి నందిగామ మేడమ్‌కు చేశాను. రేపు మీరు క్రషర్ తనిఖీకి వెళ్తున్నారు కదండి అన్నాను. తనకే ఆ కాగితం ఇప్పుడే వచ్చిందని, నీకెవరు చెప్పారని అడిగింది.

"పలావు చెప్పిందండి" అన్నాను.

జరిగేదంతా చెప్పాను. క్రషర్ చూసుకుని, అక్కడ ఎవరితోనూ అనకుండా తోటకు రమ్మన్నాను. వస్తానంది. మా ఆయన వద్దన్నాడు. ఆ మిల్లు గిరాకీ పోతే మెస్సు మూసుకోవాలి అన్నాడు. మూసుకుందాం అన్నాను. ఆయన వెళ్లి బియ్యం కడిగాడు.

మర్నాడు గిన్నెలతోపాటు తమ్ముణ్ణి కూడా ఆటోలో ఎక్కించుకుని వెళ్లాను. వాడికి రావడం ఇష్టం లేదు. వాళ్లను ఇబ్బంది పెట్టకక్కా అని దారిలో రెండుసార్లు అన్నాడు. చెవిన వేసుకోలేదు. తోటలో వాణ్ణి చూడగానే అందరూ చుట్టూ మూగారు. ఎలా ఉన్నావు బావా అని ఒకరు, తింటున్నావా అన్నా అని ఒకరు. కోదాడ ఆమె వాడి చెయ్యి పట్టుకుని, ఇలా అయిపోయావేంటని ఏడ్చింది. నాకు ధైర్యం వచ్చింది. వడ్డించడం మొదలుపెట్టాను. సగంమంది ప్లేట్లు పట్టుకుని కూర్చున్నాక జీపు చప్పుడైంది.

ఎవరూ పరిగెత్తలేదు. పరిగెత్తితే అనుమానం వస్తుందని వాళ్లకు నేర్పింది మా తమ్ముడే. మేడమ్ దిగి వచ్చి, భయపడకండి తినండి అంది. నులకమంచం చూపిస్తే దాని మీద కూర్చుంది. ఒక్కొక్కరినే అడగడం మొదలుపెట్టింది. ఏ ఊరమ్మా. ఇక్కడేం పని. ఆ మంచం, ఆ ప్రశ్నలు, ఆ వరస అంతా నాకు కంఠతా వచ్చు. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

తోట పనికొచ్చామండి. తోట పనేనండి. క్రషరా, అదెక్కడుందో మాకు తెలీదండి. ఒక్కరంటే ఒక్కరు తడబడలేదు. మామిడి చెట్లకు అది పాదులు తీసే కాలం కూడా కాదు. ఒక్కరి చేతిలో పార లేదు, బట్టల నిండా తెల్లటి దుమ్ము. మేడమ్‌కు కళ్లున్నాయి, ఆవిడకు అంతా అర్థమవుతూనే ఉంది. కానీ ఆవిడకు కావలసింది నోటిమాట. చివరికి కోదాడ ఆమెను పిలిచి, ఆటోలో ఆనుకుని కూర్చున్న మా తమ్ముణ్ణి చూపించింది.

"ఈయన్ని ఎరుగుదువా అమ్మా?"

అంతకుముందే వాడి చెయ్యి పట్టుకుని ఏడ్చిన మనిషి ఆమె. చెంపల మీద తడి ఇంకా ఆరలేదు. తలెత్తకుండా అంది.

"లేదు మేడమ్. గిక్కడే చూసుడు."

నేను నోరు తెరవబోయాను. మేడమ్ చేత్తో ఆపి, లేచి ఆటో దగ్గరికి వెళ్లింది. మీతో క్రషర్‌లో పనిచేసింది వీళ్లేనా, మీరు గుర్తుపట్టి చెప్తే చాలు, ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మాట్లాడతాను అని తమ్ముణ్ణి అడిగింది. వాడు అందరివంకా చూశాడు. అందరూ ప్లేట్లలోకి చూస్తున్నారు. వాడు ఊపిరి కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

"కాదండి. ఈళ్లు తోట కూలోళ్లండి."

మేడమ్ నావంక జాలిగా చూసి వెళ్లిపోయింది. జీపు మలుపు తిరిగాక కోదాడ ఆమె లేచి, గిన్నెలో మిగిలిన లెగ్ పీసులన్నీ ఏరి ఒక ప్లేట్లో పెట్టి ఆటోలో వాడి ఒళ్లో పెట్టింది. వాడు రెండు ముద్దలు తిన్నాడు. అంతకంటే ఎక్కువ తినే శక్తి వాడికి లేదు.

వాడి మీద వచ్చినంత కోపం నాకు ఆ ఓనరు మీద కూడా రాలేదు. ఇంటి దగ్గర ఆటో దిగాక అడిగేశాను, ఎందుకలా అన్నావురా, నీ పెళ్లాం పిల్లలు గుర్తుకు రాలేదా అని. వాడు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"నా పనెటూ అయిపోయింది కదక్కా. ఆళ్ల పని నేనెందుకు తీసెయ్యాలి?"

వానలు మొదలుకాకముందే పోయాడు. అర్జీకి జవాబు ఆ తర్వాత వచ్చింది. పనిచేసినట్టు ఆధారాలు లభించనందున ముగించడమైనది అని రెండు వరుసలు. దహనానికి క్రషర్ జనమంతా వచ్చారు. తోటకు తీసుకెళ్లే ట్రాక్టరులోనే వచ్చారు. పనివేళ వాళ్లను ఎవరు వదిలారో, ట్రాక్టరు ఎవరిచ్చారో నేనడగలేదు. మరదలు ఇప్పుడు మా మెస్సులోనే గిన్నెలు తోముతోంది. మాకు మళ్లీ పలావు ఆర్డరు రాలేదు. కంచికచర్ల నుంచి తెప్పించుకుంటున్నారని విన్నాను. ఇప్పుడు తనిఖీ ఎప్పుడో నాకూ తెలియదు.

మొన్న మధ్యాహ్నం కోదాడ ఆమె మెస్సుకు వచ్చింది. కూర కట్టించుకుంది కానీ కదల్లేదు. గిరాకీలంతా వెళ్లేదాకా గుమ్మం పక్కనే నిలబడింది. తర్వాత నెమ్మదిగా, తమ్ముణ్ణి చూపించిన విజయవాడ డాక్టరు ఎక్కడుంటాడని అడిగింది. వాళ్లాయన దగ్గుతున్నాడట. టీబీ బిళ్లలకు తగ్గలేదట. నేను చెప్పాను. ఆ డాక్టరు ఏమడుగుతాడో కూడా చెప్పాను. కార్డు అడుగుతాడు, తర్వాత నందిగామలో సాక్ష్యం అడుగుతారు అన్నాను.

"ఆయన అక్కడ పని చేస్తుండని ఎవరు చెప్తరక్కా?"

ఒక్కసారిగా రక్తం తలకెక్కింది. ఏమేమో అనాలనిపించింది. లోపల గిన్నెలు తోముతున్న మరదలు చేతులాపి వింటోందని తెలుస్తూనే ఉంది. కానీ ఈమె భర్తతో నాకు రక్తసంబంధం లేదు. నా మాట చెల్లుతుంది. ఇన్నేళ్లుగా ఆ తోటలో వీళ్లకు వడ్డించింది నేనే.

నేను చెప్తాను అన్నాను. రేపే నందిగామ వస్తాను, కానీ ఆ మేడమ్ ముందు నువ్వు కూడా నిలబడి, ఆ రోజు తోటలో చూసిన మనిషిని ఎరుగుదునని చెప్పాలి అన్నాను. అలా అయితే మీ ఆయనకూ, మా మరదలికీ ఇద్దరికీ పనికొస్తుంది అన్నాను.

ఆమె కూర పొట్లం చేతిలో తిప్పుకుంటూ నిలబడింది. మరదలు గుమ్మంలోకి వచ్చి చూసింది. కొండవైపు నుంచి మిల్లు మళ్లీ మొదలైన చప్పుడు వినిపించింది. భోజనాల వేళ అయిపోయినట్టుంది.

"పని పోతదక్కా" అంది. తువ్వాలు ముక్కుకు చుట్టుకుని కొండవైపు వెళ్లిపోయింది.